కోళ్ళ పక్షవాతము: ఒక శతాబ్దపు అన్వేషణ

1907వ సంవత్సరమున హంగరీ దేశపు రాజధాని బుడాపెస్టులో, పశువైద్య కళాశాల ఆచార్యుడైన యోజెఫ్ మారెక్ నాలుగు కోడిపుంజులను పరీక్షించినాడు. వాటి కాళ్ళు, రెక్కలు పట్టుతప్పి ఉన్నవి. ఒక పుంజును కోసి చూడగా, వెన్నెముక నుండి కాళ్ళకు పోవు నాడుల కూటమి వాచి లావెక్కి ఉన్నది. సూక్ష్మదర్శిని క్రింద ఆ నాడుల పోగుల నడుమ తెల్లకణములు గుంపులు గుంపులుగా చేరి కనిపించినవి. ఆయన దీనిని నాడుల వాపుగా నిర్ణయించి, జర్మను భాషలో ఒక వ్యాసము ప్రకటించినాడు. మారెక్ పండితుని కీర్తి అంతయు అప్పటికి వేరుచోట ఉన్నది. హుటీరాతో కలిసి పశురోగములపై ఆయన వ్రాసిన బృహద్గ్రంథము అనేక భాషలలోనికి పోయినది. 1952లో ఆయన కాలధర్మము నొందునాటికి, ఆ నాలుగు పుంజుల రోగమునకు తన పేరే శాశ్వతముగా నిలువబోవుచున్నదని ఆయన ఎరుగడు.

ఆ రోగము యొక్క చరిత్రనే మేము ఈనాడు చెప్పదలచినాము. ఇది కోళ్ళ చరిత్ర మాత్రమే కాదు. మనుష్యుడు కోళ్ళను పెంచు విధము మారినకొలది ఒక సూక్ష్మజీవి ఎట్లు మారినదో, దానిని జయించితి మనుకొన్న ప్రతిసారియు ఆ జయమునకు ఏ హద్దు కానవచ్చినదో తెలుపు కథ ఇది.

పెరటిలో కోళ్ళను పెంచిన తెలుగువారికి కొక్కెర తెగులు తెలియనిది కాదు. అది సుడిగాలివలె వచ్చి, కొలది దినములలో గంప క్రింద ఒక్క కోడినైన మిగులనీయక పోవును. మారెక్ వ్యాధి నడక వేరు. అది పిల్లనాడే లోన ప్రవేశించి, వారములకొలది మాటుగా ఉండును. అటుపిమ్మట ఒకనాడు కోడి కుంటును; మరికొన్ని దినములకు ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనుకకు చాచి నేలబడును. కొన్నింటికి కంటిలోని రంగువలయము బూడిదవన్నెకు తిరిగి చూపు పోవును. మరికొన్నింటికి పైకి ఏ గుర్తును లేకయే కాలేయము, ప్లీహము, అండాశయములలో కంతులు పెరుగును. ఆ కంతులు నిజమైన క్యాన్సరు.

మొదటి యాభై సంవత్సరములు ఈ వ్యాధికి సరియైన పేరైనను లేదు. 1908లో కోపెన్‌హాగెన్ నగరమున ఎల్లెర్మన్, బాంగ్ అను ఇరువురు, కోళ్ళకు వచ్చు ఒక రక్తపు క్యాన్సరు వడపోసిన ద్రవముతో ఒక కోడినుండి మరియొక కోడికి సోకునని చూపినారు. 1911లో న్యూయార్కున పేటన్ రౌస్ కోడి కండరములోని కంతిని అట్లే సోకింపగలిగినాడు. ఆ పనికి ఆయనకు 1966లో నోబెల్ బహుమానము లభించినది. 1920ల నుండి హాలెండులోను, అమెరికాలోను పక్షవాతపు కోళ్ళు విరివిగా కనబడసాగినవి. 1929లో పాపెన్‌హైమర్, డన్, కోన్ అను అమెరికా పరిశోధకులు పక్షవాతము వచ్చిన కోళ్ళలో కొన్నింటికి కంతులు కూడ ఉన్నవని గమనించి, రెండింటికి సంబంధము ఉండవచ్చునని వ్రాసినారు. ఐతే కోళ్ళ కంతులన్నియు ఒకే జాతివని తలచి, అన్నింటిని ఒకే మూటగా కట్టివేసిన కాలమది. ఆ మూటను విప్పుటకే 1939లో అమెరికా ప్రభుత్వము మిషిగన్ రాష్ట్రములోని ఈస్ట్ లాన్సింగ్‌లో ఒక ప్రత్యేక పరిశోధనాలయము నెలకొల్పినది. తుదకు 1961లో ఇంగ్లండులోని హౌటన్ కోళ్ళ పరిశోధన కేంద్రమునకు చెందిన పీటర్ బిగ్స్, ఇవి రెండు వేరు వేరు రోగములని వాదించి, నాడులకు పట్టు రోగమునకు మారెక్ పేరు పెట్టవలెనని సూచించినాడు. పేరు వేరైన పిమ్మట వెదకుట సులభమైనది.

ఈలోపల రోగము తన రూపమును మార్చుకొన్నది. మారెక్ చూచిన కోళ్ళు పెరటి కోళ్ళు. 1950లు వచ్చునప్పటికి అమెరికాలోను, ఐరోపాలోను కోళ్ళ పెంపకము పెద్ద పరిశ్రమ అయినది. ఒకే కప్పు క్రింద వేలకొలది పిల్లలు ఒకే వయసున, ఒకే పరుపుమీద పెరుగసాగినవి. అప్పుడు అమెరికా తూర్పుతీరమున డెలావేర్ ప్రాంతపు మాంసపు కోళ్ళలో క్రొత్త ఉపద్రవము బయలుదేరినది. కుంటుట అరుదైనది; రెండు మూడు మాసముల వయసు పిల్లలే కడుపునిండ కంతులతో చనిపోజొచ్చినవి. కొన్ని మందలలో మూడవవంతు దాకా పోయినవి. బ్రతికియున్న కోళ్ళను కోసినను, లోన కంతులు కనబడిన మాంసము తినుటకు పనికిరాదని పారవేయవలసి వచ్చెడిది.

కారణమును పట్టుకొనుటలో ఒక చిక్కు శాస్త్రజ్ఞులను చాలకాలము తికమకపెట్టినది. అప్పటి పద్ధతిలో వైరసును గుర్తించు మార్గము ఒకటే. రోగి రక్తమునో కంతినో నూరి, సన్నని రంధ్రములు గల వడపోతనుండి పంపవలెను. కణములు ఆగిపోవును; వైరసు జారిపోవును. ఆ ద్రవము రోగము కలిగించినచో అది వైరసు. మారెక్ వ్యాధి ఈ పరీక్షలో నిలువలేదు. 1962లో అమెరికాలో సెవోయన్ బృందము, 1963లో హౌటన్‌లో బిగ్స్, పేన్ లు రోగమును ఒక కోడినుండి మరొక కోడికి ఎక్కింపగలిగినారు. కాని సజీవమైన కణములను ఎక్కించినప్పుడే అది సాధ్యమైనది. కణము చచ్చిన వైరసును చచ్చెడిది. ఇక కొట్టములో జరుగుచున్నది దీనికి పూర్తిగా విరుద్ధము. రోగి కోడిని ఒకచోట, ఆరోగ్యముగల పిల్లను వేరొకచోట ఉంచి, రెంటికి నడుమ గాలి తప్ప మరేమియు లేకుండ చేసినను పిల్లకు రోగము వచ్చెడిది. ప్రయోగశాలలో కణము విడిచి క్షణము నిలువలేనిది, కొట్టములో గాలినెక్కి ఎట్లు తిరుగుచున్నది?

మొదటి సగము సమాధానము 1967లో వచ్చినది. చర్చిల్, బిగ్స్ లు గాజుపాత్రలలో కోడి మూత్రపిండ కణములను బ్రతికించి, వాటిమీద రోగి కోడి కణములను చల్లినారు. కొన్ని దినములకు ఆ కణముల పొరలో చిన్న చిన్న మచ్చలు లేచినవి. వాటిని ఎలక్ట్రాను సూక్ష్మదర్శినిలో చూడగా కనిపించినది హెర్పిస్ కుటుంబపు వైరసు. మరుసటి యేడు ఈస్ట్ లాన్సింగ్‌వారు కూడ దానినే కనుగొన్నారు. ఈ కుటుంబము మనకు పరాయిది కాదు. మన పిల్లలకు ఆటలమ్మ పోయించు వైరసు ఈ కుటుంబములోనిదే. ఆటలమ్మ తగ్గిన పిమ్మట ఆ వైరసు శరీరమును విడిచిపోదు. నాడుల మొదళ్ళలో దాగియుండి, ఏ ముసలితనముననో సర్పిగా లేచును. ఒకసారి చేరిన యింటిని విడువకుండుట ఈ కుటుంబపు లక్షణము. కోళ్ళకే గొంతునాళపు వాపు తెచ్చు మరియొక హెర్పిస్ వైరసు కలదు. 1925లో అమెరికాలో వర్ణింపబడిన ఆ వ్యాధి దగ్గుతోను, రొప్పుతోను బయటపడును. మారెక్ వైరసు అట్లు దగ్గి తన్ను తాను చాటుకొనదు.

రెండవ సగము సమాధానము 1970లో న్యూయార్క్ రాష్ట్రపు కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి వచ్చినది. కాల్నెక్, ఆయన సహచరులు కోడి శరీరమునందలి అవయవములను ఒకదాని వెంట నొకదానిని పరీక్షించి, తుదకు చర్మమును, ఈకలు మొలచు కుదుళ్ళను చూచినారు. రహస్యమంతయు అక్కడ ఉన్నది. తక్కిన అవయవములలో వైరసు అసంపూర్ణముగా, కణమునకు కట్టుబడియే ఉండును. ఈక కుదురులోని పైపొర కణములలో మాత్రమే అది తన పైతొడుగును పూర్తిగా సమకూర్చుకొని స్వతంత్రముగ బయటపడును. ఆ కణములు ఎండి పొలుసులై, ఈకల పొట్టుతో కలిసి రాలును. కొట్టమును ఊడ్చినప్పుడు లేచు ధూళి, ఎండపొడలో తేలియాడు నలుసు, కిటికీ తీగెలమీద పేరుకొనిన బూడిదరంగు పొర, ఇవియే రోగమునకు వాహనములు. ఆ ధూళిలో వైరసు మాసములకొలది జీవించియుండును. ఒక మందను అమ్మివేసి రెండవ మందను తెచ్చినను, ధూళి అక్కడనే ఉన్నచో రోగము కాచుకొని ఉండునన్న మాట.

ఇక లోన జరుగునది చూతము. పిల్ల ఆ ధూళిని పీల్చును. ఊపిరితిత్తులలో మలినమును మ్రింగి శుభ్రపరచు కణములు ఈ వైరసును కూడ మ్రింగి, తెలియక దానిని ప్లీహమునకు మోసికొనిపోవును. అచ్చట అది మొదట బి కణములు అను తెల్లకణములలో ప్రవేశించి, మూడవ దినమునుండి వారము లోపల వాటిని నాశనము చేయును. ఆ కలతను అణచుటకు టి కణములు పరుగెత్తి వచ్చును. రక్షకభటులవంటి ఆ కణములలోనికే వైరసు దూరి, అక్కడ నిద్రపోయినట్లు నక్కియుండును. ఆ టి కణములే దానిని రక్తముతో పాటు శరీరమంతయు త్రిప్పి, ఈక కుదుళ్ళకు చేర్చును. సుమారు రెండు వారములకు పిల్ల ఒంటినుండి వైరసు రాలుట ప్రారంభమగును. జీవితాంతము రాలుచునే యుండును. రోగము పైకి కనిపించుట అటుపిమ్మటి మాట. మూడు నాలుగు వారముల తరువాత నక్కియున్న టి కణములలో కొన్ని అదుపుతప్పి పెరిగి, నాడులలో చేరి పక్షవాతమును, అవయవములలో చేరి కంతులను కలిగించును. కోడి కుంటుట మనము చూచునాటికే దాని పొలుసులు కొట్టమంతయు నిండియుండును. ఒక్క మేలు మాత్రము కలదు. ఈ వైరసు గ్రుడ్డు ద్వారా తల్లినుండి పిల్లకు రాదు. పిల్ల పొదిగి బయటికి వచ్చునప్పుడు నిర్మలముగానే వచ్చును.

ఈ ఒక్క మేలుపై టీకా నిర్మింపబడినది. 1969లో చర్చిల్, పేన్, చబ్ అనువారు వైరసును గాజుపాత్రలలో మరల మరల పెంచి దాని వాడిని పోగొట్టి, దానిని ముందుగ ఎక్కించిన కోళ్ళకు రోగము రాదని చూపినారు. అంతకంటె చిత్రమైన దారి ఈస్ట్ లాన్సింగ్‌లో కనబడినది. అక్కడ విట్టర్, ఆయన సహచరులు టర్కీ కోళ్ళలో మారెక్ వైరసునకు దాయాది వంటి ఒక వైరసును పట్టినారు. అది టర్కీకోడికి గాని మన కోడికి గాని హాని చేయదు. 1970లో ఒకజాకి, పర్చేస్, బర్మెస్టర్ లు దానిని కోడిపిల్లలకు ఎక్కించి చూడగా, అవి మారెక్ వ్యాధికి లొంగలేదు. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచితో మనుష్యుల మశూచిని అడ్డగించిన తీరు ఇక్కడ మరల కానవచ్చినది. 1971లో అమెరికాలో ఆ టీకాకు అనుమతి లభించినది. సహజముగ వచ్చు క్యాన్సరును ఆపగలిగిన మొట్టమొదటి టీకా ఇదియే. మనుష్యుల క్యాన్సరు విషయమున అట్టి టీకా కలలోని మాటగా ఉన్న దినములలో, ఒకరోజు వయసు కోడిపిల్లకు అది లభించినది. నష్టములు నూటికి తొంభై వంతులకు పైగా తగ్గినవి. అంతకు చాల ముందే కార్నెల్‌లో హట్, కోల్ అను జన్యుశాస్త్రజ్ఞులు, పుట్టుకతోనే ఈ రోగమునకు తట్టుకొను కోళ్ళ వంశములను ఏరి పెంపు చేయవచ్చునని చూపినారు.

కథ ఇక్కడ ముగిసినచో ఎంత బాగుండెడిది! కాని 1970ల చివరినుండి, టర్కీ వైరసు టీకా పడిన మందలలోనే మరల కంతులు కానవచ్చినవి. పరీక్షింపగా, వైరసు మునుపటికంటె క్రూరమైనదని తేలినది. 1978లో షాట్, కాల్నెక్ లు కోళ్ళలోనే హానిలేని మరియొక జాతిని కనుగొని ప్రకటించగా, 1980లలో రెండు టీకాలను కలిపి వాడసాగినారు. 1990లలో ఆ జంట టీకాను కూడ మించిన జాతులు వచ్చినవి. అప్పుడు అమెరికావారు, హాలెండులో రిస్పెన్స్ 1972లో ప్రకటించిన టీకాను తెచ్చుకొన్నారు. 1997లో విట్టర్ ఈ జాతులను సాధారణము, తీవ్రము, అతితీవ్రము, దానికంటెను తీవ్రము అని మెట్లుమెట్లుగా వర్గీకరించినాడు. ప్రతి టీకాకు కొన్ని ఏండ్ల గడువు, ఆ గడువు తీరగానే ఒక మెట్టు పైకెక్కిన శత్రువు, ఇది ఆ మూడు దశాబ్దముల అనుభవము.

దీనికి కారణమేమి? ఇక్కడ ఒక సూక్ష్మమును గమనింపవలెను. మారెక్ టీకా కోడిని రోగమునుండి కాపాడును. కాని వైరసు కోడిలో ప్రవేశించుటను గాని, దాని ఈకలనుండి రాలుటను గాని పూర్తిగా ఆపదు. సామాన్యముగ అతిక్రూరమైన వైరసు తాను నిలిచిన కొమ్మను తానే నరుకుకొనును. కోడి వెంటనే చచ్చినచో వైరసు వ్యాపించుటకు వ్యవధి ఉండదు. టీకా పడిన కోడి చావదు. కనుక ఆ క్రూరజాతికి కూడ వ్యాపించుటకు వ్యవధి దొరకును. ఈ తర్కమును పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన ఆండ్రూ రీడ్, ఇంగ్లండులోని పిర్‌బ్రైట్ సంస్థకు చెందిన వేణుగోపాల్ నాయర్, వారి సహచరులు ప్రయోగముతో పరీక్షించి 2015లో ప్రకటించినారు. మిక్కిలి క్రూరమైన జాతులు సోకిన టీకాలేని కోళ్ళు పది దినములలో చనిపోయినవి. వాటినుండి వైరసు రాలినది స్వల్పము. టీకా పడిన కోళ్ళు బ్రతికి, వారములకొలది వైరసును రాల్చినవి. వాటితో కలిపి ఉంచిన టీకాలేని కోళ్ళు ఆ వైరసు సోకి చనిపోయినవి.

దీనిని బట్టి టీకాయే దోషమని తలచుట పొరపాటు. టీకా పడిన పిల్లకు మేలే జరిగినది. ప్రాణము పోయినది టీకా లేని పిల్లకు. రోగమును అణచుటతోపాటు దాని వ్యాప్తిని కూడ నిలుపు టీకాలకు ఈ చిక్కు ఉండదు. మశూచి టీకా అట్టిది. 1980లో ఆ రోగము లోకమునుండి తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటింపగలిగినది. పైగా వైరసు క్రూరమగుటకు టీకా ఒక్కటే కారణమని ఆ ప్రయోగము చెప్పలేదు. కోళ్ళను క్రిక్కిరిసి పెంచుట, ఆరేడు వారములకే మాంసమునకు పంపి క్రొత్త పిల్లలను నింపుట, ఇవి కూడ త్వరపడు వైరసునకు అనుకూలములే.

ఈ సంగతికి సాక్ష్యము 2023 డిసెంబరులో మట్టిలోనుండి లభించినది. ఆక్స్‌ఫర్డ్ మొదలైన చోట్ల పండితులు కలిసి, పురావస్తు త్రవ్వకములలో దొరకిన పాత కోడియెముకలలో వైరసు జన్యువుల శేషములను వెదకినారు. వెయ్యేండ్ల నాటి ఎముకలలో కూడ మారెక్ వైరసు జాడ కనబడినది. ఐతే నేటి వైరసులో కంతిని పుట్టించు ముఖ్యమైన జన్యువు, ఆ పాత వైరసులో అట్టి శక్తి లేనిదై ఉన్నది. ఆనాటి కోళ్ళకు ఈ వైరసు సోకినను, బహుశా కంతులు కలుగలేదు. ఎన్నో తరములు కోడితో సాధువుగా కాపురము చేసిన ప్రాణి, గడచిన నూరు సంవత్సరములలో ఘాతుకమైనది. మారెక్ నాలుగు పుంజులను చూచినది ఆ మార్పు జరుగుచున్న కాలముననే.

నేడు గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ మన దేశమున ముందువరుసలో ఉన్నది; తెలంగాణలోను కోళ్ళ పెంపకమే ఆధారముగా గల కుటుంబములు అసంఖ్యాకములు. హేచరీలో పొదిగిన దినముననే పిల్ల మెడచర్మము క్రింద ఇచ్చు చిన్న సూదిమందు ఈ మారెక్ టీకాయే. దానిలో పలురకములు సజీవ కణములతో కూడినవి. మైనస్ 196 డిగ్రీల ద్రవనత్రజనిలో నిలువచేసి, కరగించిన పిమ్మట ఆలస్యము లేకుండ వాడవలసినవి. నిర్లక్ష్యముగ కరగించిన మందు నీటితో సమానము. ఇంతటి శ్రమపడి ఇచ్చిన టీకా కూడ పిల్ల శరీరమున పట్టు దొరకించుకొనుటకు ఇంచుమించు ఒక వారము కావలెను. ఆ వారములోనే పిల్లను పాత ఊక మీద, పాత ధూళి నడుమ విడిచినచో వైరసు ముందుగ చేరి కూర్చుండును. అందుచేత క్రొత్త పిల్లలు రాకమునుపే పాత ఊకను తీసివేసి, గోడలను, తీగెలను, దూలములను కడిగి, మొదటి వారములలో పెద్దకోళ్ళ గాలి సోకని చోట పిల్లలను ఉంచవలెనని పెంపకము నెరిగినవారు చెప్పుదురు. ఒక శతాబ్దపు అన్వేషణలో ఇంతమంది పండితులు కనిపెట్టినది తుదకు చీపురుకట్టకు, నీళ్ళబానకు కూడ పని కల్పించినది. టీకాకు కావలసిన ఆ వారము దినముల గడువును ఇచ్చుట పెంపకందారు చేతిలోని పని.